లెవీ, మేజర్, పార్టీ: మన ఊళ్ల ఇంగ్లీషు



ఒక ఇంగ్లీషు సార్ పేరు మీద పెట్టిన ఉపన్యాసం కాబట్టి ‘సార్’తోనే మొదలుపెడతాను. సూర్యాపేటలో సార్ అంటే పాఠం చెప్పే మనిషి. లెక్కల సార్, తెలుగు సార్, డ్రిల్లు సార్. కోదాడ దాటి జగ్గయ్యపేట చేరేసరికి ఆయనే మాస్టారు. ఇంగ్లీషులో మాస్టర్‌కు యజమాని అన్న అర్థం బలంగా ఉంది. మన మాస్టారుకు ఆ వాసన అంటలేదు. పైగా హోటల్లో టీ కలిపేవాడూ మాస్టరే, బట్టలు కుట్టేవాడూ మాస్టరే. 65వ నంబరు జాతీయ రహదారి మీద కాసేపు ప్రయాణిస్తే చాలు, ఒక్క మాట ఎన్ని కొలువులు చేస్తుందో తెలుస్తుంది.

మామూలు మాటలకే అర్థాలు ఎక్కువన్నది నిఘంటుకారుల పాత అనుభవం. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు రెండో కూర్పులో ‘సెట్’ అన్న క్రియకు 430 అర్థాలిచ్చారు. తర్వాతి సవరణలో ‘రన్’ దాన్ని దాటి 645కు చేరింది. పండితులు మాత్రమే వాడే గంభీర పదానికి ఒకటో రెండో అర్థాలు సరిపోతాయి. రోజూ నలుగురి నోళ్లలో నలిగే మాటకు చాలవు. ఆ సెట్ మన దగ్గరకొచ్చి పంపుసెట్టయింది, సెట్ దోశయింది, “పని సెట్టయిందా?” అయింది. ఎంసెట్‌లోని సెట్ నిజానికి పొడి అక్షరాల కూర్పు, ఈ కుటుంబంలోది కాదు. అయినా “ఏ సెట్ రాస్తున్నవ్?” అని అడిగే పిల్లలకు ఆ వంశవృక్షంతో పనేముంది?

ఇవన్నీ చిన్న సంగతులు. నేను ముఖ్యంగా మాట్లాడదలచింది ‘లెవీ’ గురించి. ఈ ప్రాంతంలో ఆ మాటకున్నంత చరిత్ర మరే ఇంగ్లీషు మాటకూ లేదని నా నమ్మకం.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో నిజాం ప్రభుత్వం రైతుల నుంచి ధాన్యం నిర్బంధంగా వసూలు చేసింది. దాని పేరు లెవీ. పెద్ద భూస్వాములు తప్పించుకోగలిగారు, చిన్న రైతు గాదె ఖాళీ అయింది. సూర్యాపేట తాలూకాలో సంఘం, అంటే ఆంధ్రమహాసభ, బలపడటానికి వెట్టిచాకిరీతో పాటు ఈ లెవీ ధాన్యం కూడా ఒక కారణం. అప్పుడు లెవీ అంటే ఇంటిమీదికొచ్చే ఆపద. తరవాతి కాలంలో అదే మాట మిర్యాలగూడ మిల్లుల్లోకి చేరింది. మిల్లరు తాను ఆడించిన బియ్యంలో ఇంత వాటా నిర్ణయించిన ధరకు ప్రభుత్వానికి అప్పజెప్పాలి, అదీ లెవీయే. ఈసారి భయం రైతుది కాదు, మిల్లరుది. 2015 అక్టోబరు 1 నుంచి ఆ పద్ధతి రద్దయింది. ఇక మూడో లెవీ ఉంది. కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు తన సంపాదనలోంచి పార్టీకి కట్టేది. ఇది ఎవరి బలవంతమూ లేకుండా, కట్టానని గర్వంగా చెప్పుకొనే లెవీ. నిజాం లెవీని ఎదిరించిన ఊళ్లలోనే ఈ లెవీని ఇష్టపడి కట్టారు. స్కూలు డిక్షనరీ ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి “పన్ను” అని రాసి ఊరుకుంటుంది.

ఈ మాట మూలం ఫ్రెంచివాళ్ల ‘లెవే’, అంటే ఎత్తు, లేపు. ఇంగ్లీషులో సైన్యం సమకూర్చడమూ లెవీయే, పన్ను వేయడమూ లెవీయే. అమెరికాలో మిసిసిపీ నది కరకట్టలను లెవీలంటారు. అక్షరాల్లో చిన్న తేడా, పుట్టుక ఒకటే. ఇంత చదివాక ఇంగ్లీషు ఎంత వింత భాష అనిపిస్తుంది. కానీ మన ‘ఎత్తు’ను ఒకసారి చూడండి. దండెత్తారు అంటాం, బిచ్చమెత్తాడు అంటాం, కట్ట ఎత్తు చేశారు అంటాం. సైన్యం, వసూలు, కరకట్ట: మూడూ మన ఒక్క మాటలోనే ఉన్నాయి. ఎవరూ ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోలేదు. లెవీ అర్థాలు చెప్పాల్సిన రోజున ‘ఎత్తు’ నుంచి మొదలుపెడితే పిల్లవాడికి బట్టీ పట్టే పని తప్పుతుంది.

ఇక నీళ్ల దగ్గరికొద్దాం. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాది వేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువతో పాటు ఇంజనీర్ల మాటలూ పారుకుంటూ వచ్చాయి. రాజవరం మేజర్, వజీరాబాద్ మేజర్, ముదిమాణిక్యం మేజర్. పెద్ద పిల్లకాలువ మేజర్, దాన్నుంచి చీలేది మైనర్. “మా పొలం మేజర్ కింద” అంటే ధీమా, “మైనర్ చివర” అంటే నిట్టూర్పు. ఆ రైతు కొడుక్కి పద్దెనిమిదేళ్లు నిండకపోతే వాడూ మైనరే. ఇంకో మైనరు ఉన్నాడు: ఆస్తికి వారసుడైన పిల్లవాణ్ని కోర్టు భాషలో మైనరన్నారు, ఆ మాట ఊళ్లోకొచ్చి వయసు సంగతి మరిచిపోయి, డబ్బుండి సోకు చేసుకు తిరిగేవాడి పేరైంది. ఆ మైనరుకు నలభై ఏళ్లున్నా అభ్యంతరం లేదు. ఈ అర్థం ఇంగ్లండు వెళ్లి చెబితే నమ్మరు.

మిర్యాలగూడ మిల్లులో ‘బాయిల్డ్’ అంటే ఉప్పుడు బియ్యం. వడ్లను పొట్టుతోనే నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తారు. ‘రా’ అంటే పచ్చి బియ్యం. లండన్ హోటల్లో బాయిల్డ్ రైస్ అంటే కంచంలోకి వచ్చిన అన్నం. ఇక్కడ బాయిల్డ్ బస్తాకెత్తే సరుకు, ఇంకా ఎసట్లో పడనే లేదు. ఈ రెండు విశేషణాల మీద రాష్ట్రానికీ కేంద్రానికీ పెద్ద రగడే జరిగింది. యాసంగి వడ్లు ఎండలకు పచ్చిగా ఆడిస్తే నూకైపోతాయి, అందుకే ఇక్కడివాళ్లు ఉప్పుడు పడతారు. ఉప్పుడు బియ్యం వద్దని కేంద్రం అన్నది. దాని మీద 2022 ఏప్రిల్ 11న అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి ఢిల్లీలో ధర్నాకు కూర్చున్నారు. ప్రభుత్వ లెక్కలో క్వింటాలు వడ్లకు రా అయితే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు తిరిగివ్వాలి. ఆ ఒప్పందం పేరు కస్టమ్ మిల్లింగ్. ఇందులోని కస్టమ్‌కు అర్థం ఆచారమూ కాదు, విమానాశ్రయంలో పెట్టెలు తెరిపించే కస్టమ్సూ కాదు. ఒకరి సరుకును కూలికి ఆడించి ఇవ్వడం, అంతే. ఇక ‘ఐకేపీ’ మాట వింతైంది. ఇందిరా క్రాంతి పథం అన్న పథకం పేరు పొడి అక్షరాలై, మహిళా సంఘాలు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రానికి అంటుకుంది. “వడ్లు ఐకేపీల పోసిన” అంటే అందరికీ అర్థమవుతుంది.

‘పార్టీ’ సంగతి క్లుప్తంగా. సూర్యాపేటలో ఒకప్పుడు విశేషణం లేకుండా పార్టీ అంటే కమ్యూనిస్టు పార్టీయే. మిల్లు బ్రోకరు “పార్టీ వచ్చింది” అంటే కొనేవాడు వచ్చాడని. కోర్టులో కక్షిదారు పార్టీ. ఉద్యోగం వచ్చిందంటే స్నేహితులు అడిగేదీ పార్టీయే. ఎవరూ పొరబడరు, మాట్లాడేవాడు ఎక్కడ నిలబడ్డాడో వినేవాడికి తెలుసు కనుక.

ఈ వాడుకలను తప్పు ఇంగ్లీషని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. అలాగని ఇవే చాలు అనీ అనను. ‘కరెంట్’ అంటే విద్యుత్తు ఒక్కటే అనుకున్న కుర్రవాడికి గ్రూప్స్ పుస్తకంలో ‘కరెంట్ అఫైర్స్’ అట్ట మీదే షాకిస్తుంది. ప్రవాహం అన్న అర్థం అతనికి చెబితే వర్తమానమూ విద్యుత్తూ రెండూ వెంట వస్తాయి. సాగర్ కాలువ గట్టున పెరిగినవాడికి ప్రవాహం గురించి విడిగా పాఠం అక్కర్లేదు. మన బడుల్లో జరిగేది దీనికి తలకిందులు. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు ఒక తెలుగు మాట రాయించి పదజాలం నేర్పామంటున్నాం. ఇంట్లో మూడు లెవీలు విన్న పిల్లవాడు బడికొచ్చి ఒక్క లెవీ నేర్చుకుంటున్నాడు. సీ.పీ. బ్రౌన్ 1854లోనే తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువు వేశాడు. అవి మన నోట ఎలా మారాయో రాసుకోవడం ఆయనకు చిన్నతనమనిపించలేదు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో వచ్చింది. రైతుల దగ్గరికే వెళ్లి మాటలు సేకరించిన గొప్ప పని అది. అయితే సాగర్ నీళ్లు మన పొలాలకు రావడానికి ఐదేళ్ల ముందటి పుస్తకం. మేజర్, మైనర్, కాలువ చివరి టేలెండు, బాయిల్డ్, ఐకేపీ అన్నీ ఇక్కడ తర్వాతి పంటలు. ఇక్కడి డిగ్రీ విద్యార్థులు నోటుపుస్తకం పట్టుకుని ఆ పని కొనసాగించవచ్చు: మాట, ఎవరన్నారు, ఏ పనిలో అన్నారు. లెవీ రిజిస్టర్లు రాసిన గుమస్తాలు మిర్యాలగూడలో ఇంకా ఉన్నారు. ముందు వాళ్లను కలవండి.