స్నానపు గదిని బాగుచేయుటకు ముందు



గ్రామములందు పాత స్నానపు గదులను బాగుచేయించుకొను ఉత్సాహము ప్రబలుచున్నది. సంతోషమే. కాని గోడపలకల రంగును ఎంచుకొనుటకు పట్టు కాలములో నాలుగవవంతైనను నీరు పోవు దారిని గూర్చి ఆలోచించువారు అరుదు. "వీధిలోనికి పోవును గదా" అందురు. ఆ వీధి మనందరిది!

మేము మొదట అడుగునది ఒక్కటే: స్నానపు నీరు మరుగుదొడ్డి గుంటలోనికి పోవుచున్నదా? పోవుచున్నచో వెంటనే వేరుచేయవలెను. జంటగుంటల పద్ధతిలో ఒకటి నిండగానే రెండవదానికి మార్చి, నిండినదానిని 18 నెలలు మొదలు 2 సంవత్సరముల వరకు మూసియుంచినగాని మలము ఎరువు కాజాలదు. బిందెలకొలది నీరు చేరినచో గుంట త్వరగా నిండును, మురుగు నేలలో దూరముగా ప్రాకును. గుంటకు, త్రాగునీటి బావికి 10 మీటర్లైనను ఎడముండవలెను; పొరుగువారి బావిని సైతము కొలువుడు. ఒక్క గుంటయే గలవారు రెండవదానిని ఇప్పుడే కట్టించుకొనుట చౌక, తాపీమేస్త్రి ఎట్లును వచ్చియుండును. పచ్చి మలమును మనుష్యులచే ఎత్తించుటను 2013 నాటి చట్టము నిషేధించినది.

స్నానపు నీటికి పెరటిలో మీటరు లోతు ఇంకుడుగుంత, అందు రాళ్లు, కంకర. ముందు సబ్బుమడ్డి, వెండ్రుకలు ఆగుటకు చిన్న తొట్టి చాలును. నల్లరేగడిలో నీరు సులభముగా ఇంకదు. అచ్చట మురుగుకాలువ అవసరము. అది పంచాయతీ పని.

నేలకు గరుకు బండలే మేలు, వృద్ధులు జారిపడరు.

ఎవరైనను ఇట్టి పని తలపెట్టినట్లు తెలిసినపుడు, సభ్యులు ఆ పెరటిలోనికి వెళ్లి గుంట ఎచ్చటనున్నదో స్వయముగా చూడవలెనని మా కోరిక.