ఆటోమేటిక్ గేరుబాక్సు: బిగించక ముందు పరీక్ష
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము విన్న చెవులకు గేరుబాక్సు సంగతి వినిపించడం కొంత సాహసమే. నేను మెకానిక్కును కాను. రైల్వేలో గుమాస్తాను, చదువు మెట్రిక్యులేషన్‌తో ఆగినది. అయినా రాయవేలూరు, గుడియాత్తం ప్రాంతాల మన కుటుంబాలలో టాక్సీల మీద బ్రతికేవారు ఉన్నారు. వారిలో కొందరు ఆటోమేటిక్ గేరు బండ్లు కొన్నారు. ఆ గేరుబాక్సు చెడితే విప్పి, అరిగిన సామాను మార్చి తిరిగి కూరుస్తారు. అట్లా కూర్చినదానిని బండికి ఎక్కించక మునుపే పరీక్షించి తీరవలెనని చెప్పడానికి నిలుచున్నాను.

ఇంత పట్టుదల ఎందుకంటారా? మా చెల్లెలి భర్తకు గుడియాత్తంలో టాక్సీ ఉన్నది. పలమనేరు, చిత్తూరుల నుండి రోగులను రాయవేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి చేర్చే బాడుగలే ఆధారము. గేరుబాక్సు చెడితే ఒక షెడ్డులో ఇచ్చాడు. వారు విప్పి, కూర్చి, కూర్చినది కూర్చినట్లే బండికి ఎక్కించారు. రివర్సు పడుతుంది, ముందుకు వేస్తే ఇంజను అరుస్తుందే గాని బండి కదలదు. మళ్లీ దించారు. చూడగా ఒక రబ్బరు సీలు అంచు తెగి ఉన్నది! సీలు ఖరీదు ఎంత? దించి ఎక్కించే కూలి రెండింతలు, పారబోసిన ఆయిలు, పోయిన బాడుగలు, ఇవీ అసలు ఖర్చు. మా చెల్లెలి గాజులు ఆ వారమే తాకట్టుకు వెళ్లినవి.

ఈ గేరుబాక్సులో డ్రైవరు కాలితో తొక్కే క్లచ్చి లేదు. ఇంజను బలాన్ని ఆయిలు ద్వారా అందించే కన్వర్టరు ఉంటుంది. ఈ ఊహకు 1905లో జర్మనీలో హెర్మన్ ఫొట్టింగర్ పేటెంటు పొందాడు. అమెరికాలో జనరల్ మోటార్స్‌వారు 1939లో హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేరుబాక్సును కార్లకు తెచ్చారు. మనవారు తక్కువవారు కారు. రైల్వే ఇంజనీరు మన్‌మోహన్ సూరి డీజిల్ ఇంజన్ల కోసం రూపొందించిన ట్రాన్స్‌మిషన్ ఆయన పేరుతోనే ప్రసిద్ధము. ఆయనకు 1961లో పద్మశ్రీ, 1962లో భట్నాగర్ బహుమానము లభించినవి. రైల్వేలో ఉన్నవాడిని గనుక ఈ ఒక్క గొప్ప చెప్పుకోనివ్వండి.

ఆ రైల్వేలోనే మరొక పద్ధతి ఉన్నది. డీజిల్ ఎలక్ట్రిక్ ఇంజనును విప్పి బాగుచేసిన తరువాత లోడ్ బాక్సుకు కలిపి పూర్తి బలముతో నడుపుతారు. పుట్టిన కరెంటంతా వేడిగా మారి గాలిలో కలుస్తుంది. చక్రము అంగుళము కదలదు. ఆ పరీక్షలో నిలిచిన పిమ్మటనే బండి లాగడానికి పంపుతారు. కారు గేరుబాక్సును కూడ మోటారుతో త్రిప్పి, బరువు పెట్టి చూసే యంత్రాలు పెద్ద కర్మాగారాలలో ఉన్నవి. రోడ్డు ప్రక్క షెడ్డులో అంత ఏర్పాటు ఎక్కడిది? అయినా గాలి కంప్రెసరు లేని షెడ్డు లేదు గదా! సగము పని దానితోనే అవుతుంది.

గేరుబాక్సులో క్లచ్చి ప్లేట్లను అదిమేది ఆయిలు ఒత్తిడి. ఆ ఆయిలును ఏ గేరుకు ఎటు పంపవలెనో నిర్ణయించే భాగము వాల్వుబాడీ. దానిని బిగించక ముందు, ఒక్కొక్క క్లచ్చికి పోయే రంధ్రములో తడిలేని గాలిని ఊదవలెను. ఒత్తిడి ఎక్కువ వద్దు. కారు టైరుకు కొట్టేపాటి, 30 నుంచి 40 పౌండ్లు. లోపల పిస్టను కదిలి “దబ్” మని మెత్తని చప్పుడు వస్తే ఆ క్లచ్చి పట్టినట్లు. కొద్దిగా బుస్సుమంటే భయము లేదు. లోహపు రింగుల సందున కొంత గాలి పోవడము సహజము. చప్పుడు రాక గాలి హోరున పోతూనే ఉంటే సీలు తెగినదో, రింగు విరిగినదో. అప్పుడే విప్పి చూడవచ్చు. బల్ల మీదనే ఉన్నది గదా. మా వాడి గేరుబాక్సుకు ఈ పరీక్ష చేసి ఉంటే ఐదు నిమిషాలలో లోపము బయటపడేది.

షాఫ్టుల ముందువెనుకల ఆటను డయల్ గేజితో కొలిచి, తయారుదారుల పుస్తకముతో సరిచూడవలెను. సొలినాయిడ్లను మీటరుతో చూడవలెను. పాత గేరుబాక్సు రాల్చిన పొడి కూలరు గొట్టాలలో దాగి ఉంటుంది. వాటిని కడగకపోతే ఆ పొడి కొత్తగా కూర్చినదానిలోకే వస్తుంది.

ఇక కన్వర్టరు. దీనిని ఎక్కించడములో పాడయ్యే గేరుబాక్సులు తక్కువ కావు. దానిలో కొంత ఆయిలు పోసి, త్రిప్పుతూ లోపలికి నెట్టవలెను. అది మెట్టుమెట్టుగా దిగి, పంపు గాడిలో కూర్చుంటుంది. సరిగా కూర్చుంటే ఇంజనుకు గేరుబాక్సు ఆనిన తరువాత కూడ కన్వర్టరు చేతితో తేలికగా తిరుగుతుంది. ఇంజను వైపు ప్లేటుకు దానికి మధ్య కొంచెము సందు ఉంటుంది. తిరగకపోతే బోల్టులు బిగించి లాగరాదు. లాగితే పంపు అక్కడే పగులుతుంది.

ఒక్క మాట మరువరాదు. ఏ.ఎం.టి. అని అమ్మే బండ్లకు ఈ గాలి పరీక్ష వర్తించదు. అవి మామూలు గేరుబాక్సులే. క్లచ్చి నొక్కడము, గేరు మార్చడము ఒక యంత్రము చేస్తుంది. మన దేశములో 2014లో మారుతీ సెలెరియోతో అవి వాడుకకు వచ్చినవి. బండి ఏ జాతిదో తెలియని షెడ్డుకు ఇవ్వకండి.

బల్ల మీద నెగ్గినంత మాత్రాన అంతా అయినట్లు కాదు. వేడి, బరువు అక్కడ ఉండవు. మే నెలలో రాయవేలూరు ఎండ ఎట్లుంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. బిగించిన తరువాత తయారుదారులు చెప్పిన ఆయిలునే, చెప్పిన కొలతకే పోయించండి. మొదటి ప్రయాణము రోగులతో వద్దు. ఖాళీ బండిని గుడియాత్తం నుండి పళ్లికొండ దాకా నడిపించి, తిరిగి వచ్చి, అడుగున ఆయిలు కారుతున్నదేమో చూసి, కొలత మళ్లీ సరిచూసిన పిమ్మటనే బాడుగ ఒప్పుకొనండి.