గాలిని అదుముటకు వెల కలదు
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మోటారు విడిభాగముల వర్తకుడనైన నేను ఈ సాయంకాలము నేనమ్మిన సరకును గురించియే మిమ్ము హెచ్చరింపవలసియున్నది. గత సంవత్సరము 'విద్యుత్ సూపర్‌ఛార్జరు' అను పేర వచ్చిన చిన్న పంకా నొకదానిని మన వీధిలో టాక్సీ నడుపు యువకునకు అమ్మితిని. దానిని బిగించినచో ఇంజను బలము హెచ్చునని పెట్టెపై వ్రాసియుండెను. అతడు అప్పు చేసి కొనెను. నంది కొండ ఎక్కునప్పుడు కారు మునుపటివలెనే రొప్పెను.

ఇంజను పెట్రోలును గాలితో కలిపి మండించును. గాలిని అదిమి పంపినచో ఎక్కువ పెట్రోలు మండి బలము హెచ్చును, ఇది సత్యము. సముద్రమట్టమునకు దాదాపు 850 మీటర్ల ఎత్తుననున్న మన ఊరిలో గాలి నూటికి సుమారు 8 పాళ్లు పలుచన గనుక ఆ ఆశయు సహజమే.

కాని గాలిని అదుముట చులకన పని కాదు. గనులలో రాతిని తొలుచు యంత్రములను నడిపినది అదిమిన గాలియేయని మన పెద్దలెరుగుదురు. గనుల యంత్రములకై 1902లో శివనసముద్రము నుండి దాదాపు 147 కిలోమీటర్లు తీగెలు లాగి విద్యుత్తు తెచ్చిరి.

కారు లెక్క చూడుడు. 1500 సి.సి. ఇంజను నిమిషమునకు 6000 చుట్లు తిరుగునప్పుడు సుమారు 4500 లీటర్ల గాలి పీల్చును. దాని ఒత్తిడిని నూటికి 30 పాళ్లు పెంచుటకు 3 మొదలు 4 కిలోవాట్ల శక్తి కావలెను. 12 వోల్టుల బ్యాటరీ నుండి అది దాదాపు 300 ఆంపియర్లు! చిన్న కారు ఆల్టర్నేటరు ఇచ్చునది సుమారు 1 కిలోవాటు. 5 ఆంపియర్లు గొను పంకా శక్తి 60 వాట్లే. ఇంజను వేగమందుకొన్నప్పుడు అది గాలికి అడ్డమగును.

అట్లని ఈ యంత్రము కల్ల కాదు. 2016లో ఆడి సంస్థ ఎస్‌క్యూ7 డీజిలు కారున ప్రత్యేకముగా 48 వోల్టుల ఏర్పాటు చేసి, 7 కిలోవాట్ల వరకు శక్తి గొను విద్యుత్ యంత్రమును అమర్చెను. అదియును టర్బో వేగమందుకొను లోపలి కొద్ది క్షణములకే తోడ్పడును.

ఆ యువకుని సొమ్ము తిరిగి యిచ్చి, మిగిలిన పెట్టెలను అంగడి నుండి తీసివేసితిని. 2001లో గనులు మూతపడిన పిమ్మట మనలో కొందరికి బండియే జీవనాధారమైనది. వారి కష్టార్జితము వ్యర్థము కారాదు. గాలి వడపోతను శుభ్రపరచుడు, టైర్లలో గాలి సరిచూడుడు, మితిమీరిన బరువు మానుడు. క్రొత్త యంత్రము కొనుటకు ముందు 'ఎన్ని వాట్లు?' అని అడుగుడు. నా అంగడిలోనైనను అడుగుడు.