ఉక్కునగరమున కొయ్య విశ్రాంతిశాల



డిసెంబరు మాసమున తెల్లవారుజామున టాటానగరు స్టేషనులో బండి దిగు ఒక తెలుగు వృద్ధుని తలచుకొనుడు. శ్రీకాకుళమునుండియో విజయనగరమునుండియో కొడుకును చూడవచ్చినవాడు. భుజముపై నున్నది ఒక్క నూలుదుప్పటి. సముద్రతీరపు చలికి అది చాలును. సింగభూము చలికి చాలదు. ఇచట డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగువకు పోవుటయు కలదు. కొడుకు రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చువరకు ఆ ముసలివాడు ఎచట కూర్చుండవలెను? ఈ ప్రసంగమున విచారింపబడునది ఆ రెండు మూడు గంటల సంగతియే.

ఈ స్టేషనునకు పూర్వము కాలీమాటి యని పేరు. 1907లో టాటా ఉక్కు కంపెనీ స్థాపింపబడి, 1912లో మొదటి ఉక్కు దిమ్మె వెలువడిన పిమ్మట, 1919లో లార్డు చెమ్స్‌ఫర్డు కాలమున పట్టణము జంషెడ్‌పూరు, స్టేషను టాటానగరు అయినవి. ఉక్కు పుట్టిన ఊరిలో కొయ్య కట్టడమును గూర్చి మాటలాడుట వింతగా తోచవచ్చును. కాని చలిరాత్రి ఇనుపబెంచిపై కూర్చున్నవానికి ఇందలి న్యాయము వేరుగ చెప్పనక్కరలేదు. ఉక్కు కొయ్యకంటె కొన్ని వందల రెట్లు వేగముగ వేడిని లాగివేయును. గాలి ఎంత చల్లగానున్నను కొయ్యబల్ల ఒంటి వేడిని ఒంటికే వదలును.

చలి యనగానే కుంపటి జ్ఞప్తికి వచ్చును. బొగ్గు దొరకు దేశమగుటచే ఇచట అంగీఠీ రాజేయుట సులభము; ప్రమాదమును అంతే సులభము. తలుపులు మూసిన గదిలో బొగ్గులు కాలునప్పుడు పుట్టు కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. దానిచే నిద్రలోనే ప్రాణములు పోయినవారి వార్తలు ఉత్తరదేశమున చలికాలములందు వచ్చుచునే యున్నవి. కావున విశ్రాంతిశాలలో నిప్పు ఉండరాదు. వెచ్చదనము కట్టడమునుండియు, మనుష్యులనుండియు రావలెను. ఊరక కూర్చున్న మనిషి శరీరమునుండి సుమారు 100 వాట్ల వేడి వెలువడును. నలుబదిమంది కూడినచో 4 కిలోవాట్లు! ఆ వేడిని గాలికి పోనీయకుండ పట్టియుంచుటయే శిల్పి చేయవలసిన పని.

హిమాచల ప్రదేశమున కాఠ్‌కుణీ యను కట్టుబడి కలదు. దేవదారు దూలములను, రాళ్లను వరుస తప్పించి వరుసగ పేర్తురు; సున్నముండదు. క్రింద పశువులు, మీద మనుష్యులు. పశువుల ఊపిరి వేడి పైయంతస్తునకు ఎక్కును. ఇందు గ్రహింపవలసినది దేవదారును కాదు, ఆ యుక్తిని. దేవదారును అంత దూరమునుండి ఇచటికి మోసికొని వచ్చుట తెలివి కాదు.

ఇచట సారండా అడవులలో సాలవృక్షమున్నది. దానినే తెలుగువారు గుగ్గిలపు చెట్టందురు. సాయంకాలము సాంబ్రాణితోపాటు ధూపము వేయు గుగ్గిలము దాని బంకయే. ముండాలు, ఉరాఁవులు సర్హుల్ పండుగనాడు దాని పూలతో పూజ చేయుదురు. అట్టి చెట్టును నరుకునప్పుడు లెక్క చూచుకొనవలెను. మోడు మరల చిగుర్చును గాని, దూలమునకు తగిన మాను కావలెనన్న ఒక తరము చాలదు. కనుక బలము, చెదకు ఓర్పు అవసరమైన స్తంభములకు, గడపలకు మాత్రమే సాలము. గోడపలకలకు తోటలలో త్వరగా పెరుగు కలప చాలును. రైల్వేలో పూర్వము విరివిగా వాడిన సాలపు స్లీపర్లు 9 అడుగుల పొడవు, 10 అంగుళముల వెడల్పు, 5 అంగుళముల మందము కలవి. అట్టి పాతవి దొరికినచో చివికిన భాగము కోసివేసి వెలుపలి వసారా స్తంభములుగ నిలుపవచ్చును. క్రియోసోటు నూనె పట్టించినవి మాత్రము మనుష్యులు తాకు చోట పనికిరావు. సాలపు పచ్చికలప ఆరునప్పుడు పగుళ్లు తీయును. నీడలో పేర్చి, అంగుళము మందమునకు ఏడాది చొప్పున ఆరనీయవలెను. తొందరపడిన వడ్రంగికి వర్షకాలములో బుద్ధి వచ్చును.

ఇక సూర్యుని సంగతి. జంషెడ్‌పూరు కర్కటరేఖకు కొంచెము దక్షిణమున నున్నది. జూన్ మధ్యాహ్నమున సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన నుండును. డిసెంబరు మధ్యాహ్నమున దక్షిణమున 44 డిగ్రీల ఎత్తుననే నిలుచును. దక్షిణపు చూరు మూడడుగులు ముందుకు వచ్చినచో డిసెంబరులో దాని నీడ గోడపై మూడడుగులే దిగును. ఆ క్రింద నున్న కిటికీలగుండ ఎండ లోపలికి వచ్చును. జూన్ మధ్యాహ్నమున గోడయంతయు నీడలో నుండును. అయితే కొయ్య వేడిని పోనీయదు గాని, రాయివలె అంతగా దాచుకొనలేదు. అందుచే నేల మాత్రము రాతిపలకలతో పరచవలెను. పగటి ఎండకు కాగిన రాయి రాత్రి తొలిజాములందు ఆ వేడిని తిరిగి ఇచ్చును. కాళ్లు రాతిమీద, ఒళ్లు కొయ్యమీద.

చలిగాలి ఉత్తరమునుండి వచ్చును. ఆ వైపు తలుపుండరాదు. సామానుగది, మరుగుదొడ్లు అచట అడ్డుగోడవలె నుండవలెను. గోడకు రెండు వరుసల పలకలు, నడుమ కదలని గాలి. తూర్పున ఒకదాని వెనుక ఒకటిగ రెండు తలుపులు. ఒకటి మూసిన పిమ్మట రెండవది తెరచుట. బండి వచ్చినప్పుడు జనము రెంటిని ఒకేమారు త్రోసికొని పోవుదురనుట నిజమే. అందుకై అవి వాటంతట అవే మూసికొనవలెను. ఊపిరి చెమ్మ పోవుటకు కప్పు క్రింద చిన్న వెంటిలేటర్లు ఎప్పుడును తెరచియే యుండవలెను. వీనిని మూయు వీలే కల్పింపరాదు.

అగ్నిభయమో? లావు దూలము నిమిషమునకు ఒక మిల్లీమీటరు కంటె తక్కువగ బొగ్గగుచు పోవును. లోపలి బలము నిలుచును. రక్షణ లేని ఉక్కుదూలము 600 డిగ్రీల వేడిమికి సగము బలమును పోగొట్టుకొనును. పలుచని పలకలకు మాత్రము ఈ మాట వర్తింపదు. విద్యుత్తీగెలు లోహపు గొట్టములలో నుండుటయు, బీడీలకు వెలుపల చోటు చూపుటయు తప్పనిసరి.

కట్టిన పిదప కావలసినది ఒక సుత్తి, ఒక మనిషి. ఏటేట వానలకు ముందు ప్రతి స్తంభపు మొదటను తట్టి చూడవలెను. ఖంగున మ్రోగినచో అది గట్టిది. బోలుగ పలికినచో చెద చేరినదని గ్రహించి, ఆ భాగమును మార్చవలెను. అందుకే స్తంభములను మట్టిలో పాతక, అడుగున్నర ఎత్తు రాతిదిమ్మెలపై నిలిపి, ఒక్కొక్కటిని విడిగ ఊడదీయునట్లు బోల్టులతో బిగింపవలెను.