నూలు నెఱిఁగి రంగు వేయుట

రంగు వేయుటకు ఏ నూలు తగును, ఏది తగదు అను విషయమును నేఁడు మీతో ముచ్చటింపఁదలఁచితిని. ఇది చిన్న విషయమే. కాని దీని నెఱుఁగక నేనొక నేఁతకానికి నింద తెచ్చిపెట్టితిని.

సిద్దిపేట గొల్లభామ చీరను మీరెల్లరు నెఱుఁగుదురు. తలపైఁ గుండ నెత్తుకొన్న యా పడుచు బొమ్మ అచ్చు వేసినది కాదు, కుట్టినదియుఁ గాదు. మగ్గముమీఁదనే అదనపు పేకతో నేసినది. ఆ పేక రంగు నిలిచినఁ గాని బొమ్మ నిలువదు.

మా మేనకోడలి పెండ్లికై అట్టి చీర నేయింపఁగోరి, నూలు నేనే కొని తెచ్చితిని. స్వచ్ఛమైన ప్రత్తి యని అమ్మినవాఁడు చెప్పెను. వెల తక్కువ యగుటచే నేను పరీక్షింపనైతిని. రంగు వేయఁగా నూలు వెలవెలఁబోయెను. ఇంకను గాఢముగా వేయుమని తొందర చేసినదియు నేనే. మొదటి యుతుకులోనే గొల్లభామ యెఱుపు తెల్లని నేలపైకిఁ బ్రాఁకెను. ఊరివారు నేఁతకానిని దూషించిరి. మిగిలిన నూలును కాల్చి చూడఁగా, అందుఁ బాలియెస్టరు కలసియున్నట్లు తేలెను.

రంగునకును పోగునకును పొత్తు కుదురవలయును. ప్రత్తికి నీలిమందు తగును. 1956లో అంగడికి వచ్చిన రియాక్టివు రంగులును తగును. పట్టునకు ఆమ్లపు రంగులు తగును. పాలియెస్టరునకు డిస్పర్సు రంగులు వలయును. అవియు ఒత్తిడిలో ఇంచుమించు 130 డిగ్రీల వేఁడిమి యున్నఁగాని చక్కగాఁ జొరవు. మూఁతలేని బానలో నీరు 100 డిగ్రీలు దాఁటదు గదా! కావునఁ గలగలుపు నూలులోఁ బ్రత్తిపోగు మాత్రమే రంగు త్రాగును. పట్టని రంగు ఉతుకులో దిగును.

పరీక్షలు సులభములు. ఒక పోగును కాల్చుఁడు. ప్రత్తి కాగితము కాలిన వాసన నిచ్చి, మెత్తని బూడిద యగును. పట్టు వెండ్రుకలు కాలిన వాసన నిచ్చును. పాలియెస్టరు కరఁగి గట్టి పూసయగును. పిదప చిలపపై నీటిబొట్టు వేయుఁడు. అది యింకక నిలిచిన, ప్రత్తిలోని సహజమైన మైనము పోలేదన్నమాట. సోడా నీటిలో నుడికించి కాని రంగు వేయరాదు. రంగు వేసిన పిదపఁ దడి తెల్లగుడ్డతో రుద్దుఁడు. గుడ్డకు రంగంటిన, వేఁడినీట మరల కడుగవలయును. ఇంత చేసినఁ గాని నూలు మగ్గ మెక్కరాదు.

నేను పదుగురి యెదుట నా తప్పొప్పుకొని, నేఁతకానికి కూలి పూర్తిగాఁ జెల్లించితిని. అయినను ఆతఁడు పడిన మాటలను మరలఁ దీసికొనఁ గలనా? పెద్దలారా! రంగు దిగిన చీర తగవు మీ రచ్చకు వచ్చినప్పుడు, నేఁతకానిని ప్రశ్నించుటకు ముందు నూలు తెచ్చిన దెవరని యడుగుఁడు. ఒక పోగును కాల్చి చూడుఁడు. సెలవు.