ఆమె చిరునామా ఎవరి చేతిలో?

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన దగ్గరికొచ్చే స్త్రీల కేసులను ఇదివరకు రిజిస్టర్లలో రాసుకునేవాళ్ళం. ఇప్పుడు కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నాం. చిరునామాలను జియోకోడింగ్‌తో సరిచూడాలనుకుంటున్నాం. అంటే చిరునామాను అక్షాంశ రేఖాంశాలుగా మార్చి, మ్యాపులో ఎక్కడ పడుతుందో చూడటం. ఇది సాంకేతిక నిపుణులకు వదిలేయాల్సిన పని కాదని చెప్పడానికే నేనీ నాలుగు మాటలు మాట్లాడుతున్నాను.

అసలు చిరునామా ఎందుకు తప్పవుతుంది? ఏటూరునాగారంలో ఉండే స్త్రీ ఇల్లు కదలకపోయినా 2016 అక్టోబరు 11న ఆమె జిల్లా వరంగల్ నుంచి జయశంకర్ భూపాలపల్లికి మారింది. 2019 ఫిబ్రవరి 17న ములుగు అయింది. ఆమె కార్డుల్లో ఒక్కోదాని మీద ఒక్కో జిల్లా ఉంటే ఆ తప్పు ఆమెది కాదు. కానీ ఆఫీసుల్లో సంజాయిషీ చెప్పుకోవాల్సింది మాత్రం ఆమే.

తండాల సంగతి చూడండి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు, గూడేలు గ్రామపంచాయతీలయ్యాయి. 2011 జనాభా లెక్కల గ్రామాల జాబితాలో వాటిలో చాలావాటికి విడిగా పేరు లేదు. ఆ జాబితా మీద నడిచే సాఫ్ట్‌వేర్‌కు మహబూబాబాద్ జిల్లాలోని ఒక లంబాడా తండా పేరిస్తే, అది దొరక్క, పెద్ద ఊరి నడిమధ్యన చుక్క పెట్టవచ్చు. చుక్క పడింది కదా, చిరునామా సరైనదేనని మనం అనుకుంటాం. అందుకే ఆ చుక్క ఇంటిదా, ఊరిదా, మండలానిదా అన్నది కూడా నమోదు చేయాలి.

జనగామ సుమారు 17.7 అక్షాంశం, 79.2 రేఖాంశం దగ్గర ఉంది. ఈ రెండంకెలూ తారుమారైతే జనగామ స్త్రీ ఉత్తర ధ్రువం వైపు స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది! ఇలాంటి తప్పును మ్యాపే పట్టిస్తుంది. పక్క ఊళ్ళో పడ్డ చుక్కను మాత్రం ఆ దారిన నడిచిన కార్యకర్తే పట్టుకోగలదు.

ఇంత పట్టింపు ఎందుకంటారా? 2005 గృహహింస చట్టం 27వ సెక్షన్ ప్రకారం స్త్రీ తాత్కాలికంగా తలదాచుకున్న చోట కూడా కేసు వేయవచ్చు. నోటీసును ప్రతివాదికి చేర్చే బాధ్యత రక్షణాధికారిది. అతని చిరునామా తప్పయితే నోటీసు తిరిగొస్తుంది, కేసు వాయిదా పడుతుంది, ఆమె మరో రోజు కూలి పోగొట్టుకుంటుంది. కాబట్టి ఒక్క చిరునామా కాలమ్ చాలదు. ఆమె ఇప్పుడున్న చోటు, ప్రతివాది ఉన్న చోటు, హింస జరిగిన చోటు వేర్వేరుగా ఉండాలి. భర్త ఇల్లే భార్య చిరునామా అనే భావన ఫారం తయారుచేసినవాళ్ళలో ఉంటే ఫారంలోకీ వస్తుంది.

ప్రతివాది ఇల్లు ఎంత కచ్చితంగా తెలిస్తే అంత మంచిది. ఆమె ఉన్న చోటు విషయం అలా కాదు. దశాంశ బిందువు తర్వాత అయిదు అంకెలు రాస్తే దాదాపు మీటరు తేడాతో చోటు తెలిసిపోతుంది. అంటే గుమ్మం దాకా దారి చూపినట్టే. రెండంకెల దగ్గర ఆపితే తేడా కిలోమీటరు దాకా ఉంటుంది. చిన్న తండాలో అది కూడా దాపరికం కాదు. బయటికిచ్చే నివేదికల్లో మండలం పేరు దాటి లోపలికి పోనక్కర్లేదు. ఇంటర్నెట్ సేవకు చిరునామా పంపడమంటే దాన్ని మన గది దాటించడమే. ఆశ్రయం పొందిన చోటును అసలు పంపకూడదు.

యంత్రం సూచించిన చిరునామా ఆమె చెప్పినదాన్ని చెరిపేయకూడదు. "నీళ్ళ ట్యాంకు వెనక, చింతచెట్టు పక్క" అని ఆమె చెబితే అలాగే ఉండనిద్దాం. దిద్దుబాటును పక్కన రాద్దాం, ఎవరు ఎప్పుడు దిద్దారో కూడా రాద్దాం. ఆమెకు చదివి వినిపించి, ఆమె ఒప్పుకున్నాకే ఖాయం చేద్దాం.

సాఫ్ట్‌వేర్ కొనే ముందు మనమంతా కలిసి ఒక జాబితా తయారుచేద్దాం. ప్రతి తండాకూ, గూడేనికీ జనం పిలిచే పేరు, రికార్డు పేరు, పాత జిల్లా, కొత్త జిల్లా. అది మన దగ్గరుంటే యంత్రం ఇచ్చే జవాబును నిలదీయగలం.