తలనొప్పి నాటకం కాదు



నాట్ల రోజుల్లో తెల్లారకముందే కూలి గుంపు బయలుదేరుతుంది. ఆ గుంపులో ఒక్కోనాడు ఒకామె రాదు. తలకు గుడ్డ బిగించి కట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుని ఉంటుంది. "పని అనగానే దీనికి తలనొప్పి వస్తది" అని అత్త అంటుంది. "నాటకాలు! రేపటికి లేచి తిరుగుతది చూడు" అని గుంపులో ఎవరో నవ్వుతారు.

నిజమే, మర్నాటికో ఎల్లుండికో ఆమె లేచి తిరుగుతుంది. అందుకే ఎవరూ నమ్మరు. జ్వరమైతే ఒళ్లు కాలుతుంది. దెబ్బయితే నెత్తురు కనపడుతుంది. ఈ నొప్పి పైకి కనపడదు. నొప్పి ఒక బాధ. ఎవరూ నమ్మకపోవడం ఇంకో బాధ.

ఇది ఏం జబ్బు?

దీన్ని పార్శ్వపు నొప్పి అంటారు. కొన్ని ఊళ్లలో ఒంటిచెంప నొప్పి అంటారు. డాక్టర్లు మైగ్రేన్ అంటారు. ఇది మెదడుకు, నరాలకు సంబంధించిన జబ్బు. దిష్టి కాదు, గాలి కాదు. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. తల్లికి ఉంటే బిడ్డకు కూడా రావచ్చు. చాలామందికి నెలసరి రోజుల్లో వస్తుంది.

తలలో ఒకవైపు సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. కొందరికి రెండువైపులా వస్తుంది. కడుపులో తిప్పుతుంది, వాంతి అవుతుంది. వెలుతురు చూడలేరు. చప్పుడు భరించలేరు. పోపు వాసన కూడా పడదు. నాలుగు అడుగులు నడిస్తే నొప్పి పెరుగుతుంది. మందు పడకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా, అంటే మూడు రోజుల దాకా ఉంటుంది. కొందరికి నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనపడతాయి.

పక్కనున్నవాళ్లు ఏం చేయాలి?

మొదట నమ్మాలి. "మళ్లీ వచ్చిందా?" అని విసుక్కోవద్దు. "ఏం కావాలమ్మా?" అని మెల్లగా అడగాలి.

చీకటిగా ఉన్న గదిలో పడుకోనివ్వాలి. టీవీ ఆపాలి. పిల్లల్ని కాసేపు పక్కింటికి పంపాలి. దగ్గర నీళ్ల చెంబు, వాంతికి ఒక గిన్నె పెట్టాలి. నుదుటి మీద తడిగుడ్డ వేయాలి. డాక్టరు రాసిచ్చిన బిళ్ల ఉంటే నొప్పి మొదలవగానే ఇవ్వాలి. ముదిరాక వేస్తే అంతగా పని చేయదు. అమృతాంజనం రాసేముందు ఆమెను అడగాలి. కొందరికి ఆ ఘాటు పడదు. కణతల మీద వాతలు పెట్టించవద్దు.

ఆ పూట నీళ్లు, పశువులు, వంట ఇంట్లోవాళ్లు పంచుకోవాలి. భర్త కూడా పంచుకోవాలి. సంఘం సమావేశానికి రాలేదని ఆమెకు జరిమానా వేయవద్దు.

అక్షరం కూడా మందే

రాయడం వచ్చిన అక్క ఇక్కడ పెద్ద సాయం చేయగలదు. ఒక నోటు పుస్తకం తీసుకోవాలి. నొప్పి వచ్చిన ప్రతిసారీ ఇలా రాయాలి:

తేదీ 12. పొద్దున 10 గంటలకు మొదలు. రాత్రి అన్నం తినలేదు. ఎండలో కలుపు తీసింది. వాంతి 2 సార్లు. బిళ్ల 1. రాత్రి 9కి తగ్గింది.

నెలసరి ఎప్పుడొచ్చిందో కూడా రాయాలి. రెండు మూడు నెలలు రాస్తే సంగతి తెలుస్తుంది. ఒకామెకు ఒక్కపొద్దు ఉన్ననాడు వస్తుంది. ఒకామెకు నిద్ర లేకపోతే వస్తుంది. ఇంకొకామెకు ఎండ పడదు. అప్పుడు వేళకు తిండి, నీళ్లు, నిద్ర ఉండేలా ఇంట్లోవాళ్లు చూడవచ్చు. ఆ పుస్తకం చూస్తే డాక్టరుకూ జబ్బు పోల్చుకోవడం తేలిక. నొప్పి తరచుగా వస్తుంటే, రాకుండా ఆపడానికి రోజూ వేసుకునే మందులు కూడా ఉన్నాయి. అవి వెంటనే పని చేయవు. కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో మానకూడదు.

బిళ్లల లెక్క మరవద్దు. కొట్లో కొన్న నొప్పి బిళ్లలు నెలకు 10, 15 రోజులు వేసుకుంటూ పోతే, ఆ బిళ్లల వల్లే తలనొప్పి మొదలవుతుంది. వారానికి రెండు రోజులు మించితే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. కడుపుతో ఉన్నామెకు డాక్టరును అడగకుండా ఏ బిళ్లా ఇవ్వవద్దు.

ఇంకో మాట. నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు వచ్చే ఆడవాళ్లు మాలా-ఎన్, మాలా-డి వంటి పిల్లలు పుట్టకుండా వేసుకునే బిళ్లలు వాడకూడదు. పక్షవాతం ముప్పు పెరుగుతుంది. కాపర్-టి వంటి వేరే పద్ధతి గురించి ఏఎన్ఎంను అడగాలి.

ఎప్పుడు ఆగకూడదు?

అన్ని తలనొప్పులూ పార్శ్వపు నొప్పి కాదు. ఈ కింది వాటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాలి:

• ఎప్పుడూ లేనంత నొప్పి ఒక్కసారిగా పిడుగులా వస్తే
• జ్వరంతో మెడ బిగుసుకుపోతే
• మూతి వంకర పోయినా, కాలు చెయ్యి పడిపోయినా, మాట తడబడినా
• ఫిట్స్ వచ్చినా, తెలివి తప్పినా
• తలకు దెబ్బ తగిలాక నొప్పి పెరుగుతుంటే
• కడుపుతో ఉన్నామెకు, కొత్త బాలింతకు గట్టి తలనొప్పితో చూపు మసకబారితే. ఇది గుర్రపు వాతానికి ముందు గుర్తు కావచ్చు.

50 ఏళ్లు దాటాక మొదటిసారి తలనొప్పి మొదలైతే కూడా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

అక్కలారా! ఈ వారం సంఘంలో పొదుపు లెక్క రాశాక ఒక్క మాట అడగండి. "మనలో ఎవరికి తలనొప్పి మాటిమాటికీ వస్తోంది?" చెప్పినామె మాట అందరూ వినండి. ఆమె పేరుతో ఒక పుస్తకం మొదలుపెట్టండి. మొదటి తేదీ మీ చేత్తో రాయండి.